గాలి ఏ దారిన వచ్చిందో

నేను గాలి పుట్టే చోటు చూసి వచ్చాను. సరే, అంత దూరం పోలేదు. సూరత్‌లోని మా పర్వత్ పాటియా నుంచి డుమస్ సముద్రపు ఒడ్డు దాకా పోయాను. రెండు సిటీ బస్సులు, ఒక పూట ప్రయాణం.

కరోనా రెండో ఏడు, జూన్ మొదట్లో మాట. సాంచాలు బందయ్యాయి. మరమగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. కొడుక్కి పని లేక, కోడలు పద్మ బియ్యప్పిండి వడియాలు పెట్టి ఇల్లు నడుపుతోంది. ఆ రోజుది పెద్ద ఆర్డరు. పిండి పాడైతే మళ్లీ కొనే దారి లేదు.

“మామా, మబ్బు పట్టింది. డాబా మీద పెట్టాల్నా, వద్దా?” అని అడిగింది.

“పడమటి గాలికి వానెక్కడిది బిడ్డా? పెట్టు. వాసన చూసి గాలి దిక్కు చెప్తా నేను!”

వాసన సంగతి అబద్ధం. కరీంనగర్ దిక్కు మా ఊళ్లో ఎండాకాలం పడమటి గాలి అంటే వడగాలి, అంతే నాకు తెలిసిన శాస్త్రం. ఆమె వడియాలు పెట్టేసింది. చెప్పాక నాకే అనుమానం వచ్చింది. సముద్రం మీద మబ్బు చూసి వస్తానని ఎనిమిదింటికి బయల్దేరాను. ఇంట్లో కూర్చుని కాళ్లు పట్టేశాయన్నది కూడా నిజమే.

స్టేషన్ దగ్గర డుమస్ బస్సు తొమ్మిదింటికి దొరికింది. సీటు విడిచి సీటు కూర్చోవాలి. అవతలి సీట్లో సునీత అనే మునిసిపల్ బడి టీచరమ్మ కూర్చుంది. సూరత్‌లోనే కోసాడ్‌లో ఉండే మన తెలుగువాళ్ల పిల్లే. నా పడమటి గాలి సిద్ధాంతం ఆమెకూ వినిపించాను. మాస్కు వెనక నవ్వింది.

“కాకా, ఊర్ల పడమటి గాలి వేరు, ఇక్కడిది వేరు. గాలి ఏ దారిన వచ్చిందో చూడాలె. భూమధ్యరేఖ కాడ ఎండకు గాలి వేడెక్కి పైకి పోతది. ఆ జాగా నింపెతందుకు రెండు దిక్కుల నుంచి గాలి ఉరుకుతది. భూమి తిరుగుతది గదా, అందుకే సీదా రాదు, వంకర పోతది.”

“మరి వాన?”

“ఎండకాలం మన నేల సముద్రం కంటే ఎక్కువ కాలుతది. దక్షిణం గాలి భూమధ్యరేఖ దాటి, వంకర తిరిగి, సముద్రం మీదంగ నీళ్లు మోసుకుంట నైరుతి నుంచి వస్తది. మీ ఊరి వడగాలి కాలిన నేల మీదంగ వస్తది. గంతే తేడా.”

“డాబా మీద వడియాలున్నయి బిడ్డా,” అన్నాను.

“అయ్యో! జల్ది ఫోన్ కొట్టు కాకా!”

కొట్టాను. పద్మ ఎత్తలేదు. డుమస్‌లో పది గంటలకు దిగేసరికి నల్ల ఇసుక మీద మబ్బు కూడా అంతే నల్లగా దిగింది. మళ్లీ కొట్టాను, ఎత్తలేదు. టమాటా భజియాలు కొన్నాను కానీ పొట్లం విప్పలేదు. మూడోసారి ఎత్తింది.

“పద్మా, వడియాలు తియ్యి!”

“ఎప్పుడో తీసిన మామా. గంటైనా వడియం అంచు ముట్టుకుంటే వేలికి అంటింది, గాలిల నీళ్లున్నయని సమజైంది. సాంచాల సేటును షెడ్డు తాళం అడిగి, వడియాలున్న చీరలను సాంచాల మీద పరిచి ఆరబెట్టిన. ఫ్యాన్లు నడుస్తున్నయి.”

“మరి పొద్దున ఎందుకు పెట్టినవు?”

“మీ మాట తీసేసినట్టు అయితదని.”

అప్పుడు భజియాలు తిన్నాను. డుమస్ వెళ్లేవారికి సలహా: అవి వేడివేడిగా తినాలి. నేను తిన్నవి చల్లారిపోయాయి, అయినా అంత రుచి ఎరగను.

తిరుగు బస్సు ఎక్కగానే వాన అందుకుంది. కండక్టర్‌తో, “మా కోడలికి గాలి సంగతులన్నీ నేనే నేర్పిన,” అని హిందీలో కోతలు కోశాను. వెంటనే సిగ్గేసి, “లేదు బాబూ, నాకే తెల్వదు,” అన్నాను. అతను నవ్వి, “చాచా, మాస్క్ ఊపర్,” అని గడ్డం కిందికి జారిన నా మాస్కు చూపించాడు.

భూగోళం అవతలి సగంలో బయల్దేరిన గాలి సముద్రం దాటి వస్తే, దాన్ని వేలికొసతో గుర్తుపట్టిన మనిషి మా ఇంట్లో ఉంది. ఈ మాటలో మాత్రం నేను ఒక్క ముక్క కూడా పెంచలేదు.