ఒక నంబరుకు ఒక మనిషి

ఆ పొద్దున మా స్టాండప్ మీటింగులో దూద్‌పేడా పంచుకున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కర్నూల్లో మేం కొందరం, కడప నుంచి తెర మీద ఒక అమ్మాయి. నిన్న ఏం చేశామో, ఈ రోజు ఏం చేస్తామో నిలబడి రెండు ముక్కల్లో చెప్పుకోవడం మా రోజువారీ పద్ధతి. కూర్చుంటే మాటలు సాగుతాయని నిలబడటం. నిలబడ్డా సాగుతూనే ఉండేవి, అది వేరే సంగతి. మేం చేస్తున్నది ఓ ఆసుపత్రికి డయాలసిస్ వంతులు బుక్ చేసే యాప్. రెండు వారాల పనికి స్ప్రింట్ అని పేరు. కొంచెం చేసి వదలడం, వాడినవాళ్ళు చెప్పింది విని దిద్దడం, మళ్ళీ వదలడం. యాప్ తెరలను కూడా విడివిడి భాగాలుగా చేసుకున్నాం. రోగి పేరు, వంతు చూపించే కార్డును ఒక్కచోట చేస్తే చాలు, ప్రతి తెరలోనూ అదే వచ్చి కూర్చుంటుంది.

కొందరు రెండేసి వంతులు పట్టేస్తున్నారని ఆసుపత్రివాళ్ళు మొత్తుకున్నారు. కడప అమ్మాయి ఆ కార్డులోనే విరుగుడు పెట్టింది. ఒక ఫోను నంబరుకు ఒకటే వంతు. రెండోది బుక్ చేస్తే మొదటిది దానంతటదే పోతుంది. ఒక్కచోట మార్చింది, యాప్ అంతా మారిపోయింది. టెస్టులన్నీ పాసయ్యాక ముందురోజు సాయంత్రమే వదిలాం. దూద్‌పేడా అందుకే.

నోట్లో తీపి ఇంకా ఉండగానే మామ ఫోను. మా అమ్మ తమ్ముడు, కోడుమూరులో ఉంటాడు. కిడ్నీలు పాడై ఆ ఆసుపత్రికే వస్తుంటాడు.

"పాపా, ఒకసారి ఆస్పత్రి కాడికి రా. అవ్వ పేరు లేదంటాండారు," అన్నాడు.

అవ్వ వాళ్ళ పక్కింటావిడ, ఆమెదీ అదే జబ్బు. నేను వెళ్ళేసరికి బెంచీ మీద వాచిన కాళ్ళతో ముందుకు వంగి కూర్చుని ఊపిరికి కష్టపడుతోంది. ఇద్దరినీ తన ఆటోలో తీసుకొచ్చే భాయ్ కౌంటరు దగ్గర ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇద్దరివీ రాత్రి నేనే చేసినానమ్మా, నా ఫోన్లోనే. ఎప్పుడూ నేనే గదా చేసేది. ముందు అవ్వది, తర్వాత మామది. ఇప్పుడు చూస్తే ఒక్కటే ఉండాది."

ఫోనులోకి తొంగి చూశాను. తెర మీద మేం గీసిన కార్డు ఎంత ముచ్చటగా ఉందో. అందులో మామ పేరు మాత్రమే ఉంది. అవ్వ వంతు ఇంకొకరికి వెళ్ళిపోయిందని, ఖాళీ బెడ్డు లేదని నర్సు చెప్పింది.

కడపకు ఫోన్ చేశాను. "ఒక ఫోనుతో ఇద్దరా అక్కా?" అంది ఆ అమ్మాయి. "మా వీధిలో గ్యాసు బండలన్నీ మా అబ్బా ఫోను మీదనే బుక్ చేస్తారక్కా," అని వెంటనే వాళ్ళ నాన్న సంగతి తనే చెప్పింది. మా వీధిలోనూ అంతే. ఒకే ఫోను మీద నాలుగిళ్ళ పనులు జరిగే ఊళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళం. ఇంతమందిలో ఒక్కరికీ తట్టలేదంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు.

మామ లేచాడు. "నాకు రేపటి దాకా ఏం కాదులే. నా బెడ్డు అవ్వకియ్యండి."

"యాప్‌లో మీ పేరే ఉండాది. పేరు మారితేనే ఇయ్యగలం," అంది నర్సు.

పేరు మార్చే తెర మేం ఇంకా చేయలేదు. వచ్చే స్ప్రింటులో చూద్దామని పక్కన పెట్టాం. ఉన్న దారి ఒక్కటే. అదే నంబరు మీద కొత్త పేరు బుక్ చేస్తే యాప్ ముందు పాతదాన్ని తీసేసి, ఖాళీ అయిన ఆ బెడ్డునే ఇస్తుంది. భాయ్ ఫోను తీసుకుని అవ్వ పేరుతో మళ్ళీ బుక్ చేశాను. పచ్చ టిక్కు వచ్చింది. మా కళ్ళ ముందే మామ పేరు పోయి, ఆ బెడ్డు మీదికి అవ్వ పేరు వచ్చింది.

మామ నా భుజం మీదుగా వంగి చూశాడు.

"శానా బాగా పనిచేస్తాండాదే పాపా మీ యాప్," అన్నాడు.

ఎగతాళి కాదు. నిజంగానే మెచ్చుకున్నాడు.