పసుపు తుడిచిన చెయ్యి

మా పెద్దమ్మ పోయిందని అమ్మ పొద్దున్నే ఫోన్ చేసింది. ఏడుస్తూనే ఇంకో మాట కూడా అంది: "నువ్వు రాకు బిడ్డా. మీ ఆడిబిడ్డ పెండ్లి దగ్గరికొచ్చె. చావింటికి పోయొచ్చిందంటరు." బతికుండగా మా వాళ్లు ఆమెను శుభకార్యాలకు పిలవడం మానేశారు. ఇప్పుడు మా శుభకార్యం కోసం ఆమె చావుకు నేను పోకూడదట! వికారాబాద్‌లో బస్సెక్కి తాండూరు వెళ్లాను.

ఆమె తాండూరులో బండల పాలిష్ మిషన్ల దగ్గర కూలి చేసేది. పెద్దనాన్న చిన్న వయసులోనే పోయాడు. పెద్దమ్మ నోరు గట్టిది, ప్రేమంతా తిట్లలోనే. చిన్నప్పుడు కాగే నూనె చిట్లి నా ఎడమ చెంప మీద నల్లటి మచ్చ పడింది. చుట్టాలందరూ నా ముందే "అయ్యో, ముఖం గాకుండ ఏ కాలుకో పడుంటే" అంటూ జాలి ఒలకబోసేవాళ్లు. లేజర్ చేయిద్దామని వికారాబాద్‌లో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది మాత్రం పెద్దమ్మ ఒక్కతే. ఆ లేజర్ ఉంది చూశారూ, అదే నూనె అదే చెంప మీద మళ్లీ చిట్లినట్టుంటుంది. నా చెయ్యి పట్టుకుని అనేది: "నొస్తే నన్ను తిట్టు. డాక్టరమ్మను తిట్టకు, ఆమె చెయ్యి వణికితే నీకే పరేషాన్."

ఇంతలో నా పెండ్లి ముహూర్తం ముందుకు జరిగింది. చివరి లేజర్ అయి వారం కాలేదు, చెంప పక్కు కట్టి ఉంది. ఎండ తగలొద్దు, ఇచ్చిన మందు తప్ప ఏదీ రాయొద్దు, రాస్తే ముందుకంటే నల్లగా మిగిలిపోతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అమ్మ అందరికీ ఆ మాటే చెప్పింది. వింటారా! పసుపు పెట్టే రోజు మా మేనత్త "పసుపుకు మించిన మందున్నదా?" అంటూ ముద్ద తీసి నా చెంపకు పట్టించి రుద్దింది. ప్రాణం పోయినట్టయి అరిచాను. అందరూ నవ్వారు.

భర్త లేనిదని పెద్దమ్మను వెనక వంటల దగ్గర కూర్చోబెట్టారు. అరుపు విని పరుగెత్తుకొచ్చి, చెంబెడు నీళ్లు నా ముఖాన గుమ్మరించి, తడి కొంగుతో పసుపంతా అద్ది తుడిచేసింది.

"మొగుణ్ని మింగినవు, సాలదా? దీని పసుపు గూడ తుడుస్తున్నవా?" అంది మేనత్త.

"తుడుస్త. ముఖం పిల్లది, మీది గాదు."

ఆ సాయంత్రమే ఆమెను తాండూరు బస్సెక్కించారు. అన్నం తిన్నావా అని ఒక్కరూ అడగలేదు. నా పెండ్లి ఆమె చూడలేదు. ఆ తరవాత మా వాళ్ల ఏ ఇంటి నుంచీ ఆమెకు పిలుపు లేదు.

పక్కు రాలి, కింద మామూలు చర్మం వచ్చింది. ఈ ముఖం ఆమె పెట్టిన భిక్ష. కానీ ఒక ఫంక్షన్‌లో భోజనాల దగ్గర మేనత్త నా గడ్డం పట్టుకుని నలుగురికీ చూపించింది: "చూసిన్రా, నా చేతి పసుపు ఎంత మంచిగ పట్టిందో!" ఒళ్లు మండిపోయింది. "నువ్వు కాల్చినవు అత్తమ్మా, కాపాడింది పెద్దమ్మ" అని అక్కడే అనేశాను. విననట్టు పప్పు వెయ్యమంది.

ఈ సంగతి చెబితే పెద్దమ్మ పడీ పడీ నవ్వింది. నా పాప తొట్టెల ఫంక్షన్‌కు రమ్మని నేనే ఫోన్ చేసి బతిమాలాను. "నేనొస్త, వాళ్లు నోరు పారేసుకుంటరు, నువ్వు ఏడుస్తవు. ఎందుకే? నీ ముఖం వీడియోల చూపియ్, సాలు" అంది.

చివరిసారి వీడియోలో మాట్లాడినప్పుడు జ్వరంతో పడుకుని ఉంది. "జర వెలుగు దిక్కు తిరుగు" అంది. తిరిగాను. ఫోన్ మరీ దగ్గర పెట్టుకుంది, నాకు ఆమె నుదురొక్కటే కనబడుతోంది. "మచ్చ ఏడ ఉండెనే? గిక్కడనేనా?" అంటూ ఫోన్ అద్దం మీద నా చెంప తడుముతోంది, గోటి చప్పుడు వినిపిస్తోంది. అవునని నేను చెప్పేలోపే వేలు ఎక్కడో తగిలి ఫోన్ కట్టయింది.