చౌడప్ప మామ విప్పించిన సైకిల్

వానలు మొదలయ్యే ముందు ఈ దీవిలో ఎవరి సైకిల్‌కు వాళ్లు గ్రీజు పెట్టుకుంటారు. పెట్టకపోతే ఉప్పుగాలికి గొలుసు నెల రోజుల్లో తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. ఈ ఉదయం బడికి సెలవు. వాకిట్లో పీట వేసుకుని కూర్చుని, ముందు చక్రం ఇరుసులోని పాత జిడ్డును గుడ్డతో తుడిచి, కొత్త గ్రీజు డబ్బా మూత తీశాను. ఆ వాసన ముక్కుకు తగలగానే మాల్దీవుల సముద్రం పక్కకు జరిగిపోయి, పుంగనూరు బస్టాండు వెనక సందులోని చౌడప్ప సైకిల్ షాపు కళ్ల ముందు నిలబడింది. “పాపా, పులిహోర కలిపినట్టు కలపబాకు. బాల్సు మునిగితే సాలు” అనే ఆయన గొంతు కూడా వినిపించింది. ఆయన్ను మీలో ఎవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి. మాటలు తక్కువ. కాకీ నిక్కరు మీద పాత చొక్కా, చెవి వెనక ఎప్పుడూ ఒక చాక్‌పీసు ముక్క. నేను ఈ భూమ్మీద ఎక్కడికైనా వెళ్లి బతకగలనని నాకంటే ముందు నమ్మిన మనిషి ఆయన.

నాకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది. కుడికాలు సన్నబడి, ఎడమకాలి కంటే మూడు వేళ్ల వెడల్పు పొట్టిగా ఉండిపోయింది. మోకాలిని చేత్తో నొక్కిపెట్టి నడిచేదాన్ని. మా నాన్నది పుంగనూరులో చింతపండు వ్యాపారం. మా మండీలో పనిచేసే గుమాస్తా రోజూ నన్ను సైకిల్ క్యారియర్ మీద బడికి దింపేవాడు. ఆయనకు వేరే పనిబడితే ఆ రోజు నాకు బడి లేనట్టే. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు దారిలో పంక్చరైంది. గుమాస్తా సైకిల్‌ను చౌడప్ప షాపుకు తోశాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను. ట్యూబు తీస్తూ చౌడప్ప నన్నే అడిగాడు.

“నువ్వు తొక్కవా పాపా?”

“ఆ పాప యాడ తొక్కుతాది చౌడప్పా, కాలు సూడు” అన్నాడు గుమాస్తా.

“కాలునే సూస్తాండాను” అన్నాడాయన. పంక్చరు పని పక్కనపెట్టి, ఒక పురికొస తెచ్చి నా రెండు కాళ్లూ తుంటి నుంచి మడమ దాకా కొలిచాడు. డాక్టర్లు కొలిచేటప్పుడు మొహంలో ఒక జాలి ఉండేది. ఈయన మొహంలో లెక్క మాత్రమే ఉంది. ఆ సాయంత్రం మా మండీకి వచ్చి నాన్నతో మాట్లాడాడు. నాన్న ఒప్పుకోలేదు. “పడి ఆ ఉండే కాలు కూడా ఇరగ్గొట్టుకుంటే ఎవురప్పా సూసేది?” అన్నాడు. “పడతాది. పడకుండా నేర్చుకున్నోడు ఈ పుంగనూర్లో ఎవురుండారు?” అన్నాడు చౌడప్ప. చివరికి నాన్న సరేనన్నాడు.

చౌడప్ప ఒక పాత లేడీస్ సైకిల్ తీసుకుని, కుడివైపు పెడల్‌ను పట్టి తిప్పే ఇనుప కడ్డీని లేత్ మిషన్ దగ్గర కోయించి, పొట్టిగా చేసి మళ్లీ అతికించాడు. ఆ పెడల్ మీద వేపచెక్క దిమ్మె బిగించి, నా పాదం జారకుండా తోలు పట్టీ కుట్టాడు. మూడు వారాలు మార్కెట్ యార్డులో పడ్డాను, లేచాను. నాలుగో వారంలో సోమవారం పొద్దున ఒక్కదాన్నే బడికి తొక్కుకుంటూ వెళ్లాను. గుమాస్తా నా వెనకాలే ఖాళీ క్యారియర్‌తో బడి గేటు దాకా వచ్చి, ఏం చేయాలో తోచక తిరిగి వెళ్లిపోయాడు.

మొదటిసారి నా సైకిల్‌కు పంక్చరు పడినప్పుడు ధీమాగా చౌడప్ప దగ్గరికి తోసుకెళ్లాను. ఆయన బకెట్లో నీళ్లు పోసి, సామాన్ల డబ్బా నా ముందు పెట్టి, వేరే చక్రం పనిలో పడ్డాడు. ఎంతసేపు చూసినా ఇటు రాలేదు. “మామా, బడికి టైమైంది” అన్నాను. “అయితే బిరీన కానీ” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. “యాల ఏడస్తాండావు? టైరు ఇప్పు. బుడగలు యాడొస్తాయో సూడు. ఆడ గీకు.” ఆ రోజు రెండు పీరియడ్లు పోయాయి. కోపంతో వారం రోజులు ఆ సందులోకి వెళ్లలేదు. కానీ మదనపల్లెలో డిగ్రీ చదివిన మూడేళ్లూ, ఆ తరువాత కుప్పంలో ప్రైవేటు బడిలో లెక్కల టీచరుగా ఉన్నన్నాళ్లూ, ఆ సైకిల్‌ను నేను తప్ప ఇంకెవరూ విప్పలేదు. ఒకసారి గుడుపల్లె దారిలో గొలుసు తెగితే, ఎర్రటి ఎండలో రోడ్డు పక్కన కూర్చుని రాయితో కొట్టి అతికించాను. ఆగి చూసిన ఇద్దరు రైతులు సాయం చేస్తామన్నా చేయనివ్వలేదు. ఆ పొగరు అప్పట్లో నాకు చాలా ఇష్టంగా ఉండేది.

రెండువేల సంవత్సరం దాటాక, మాల్దీవుల్లో లెక్కల టీచర్లు కావాలని పేపర్లో చూసి దరఖాస్తు పెట్టాను. ఉద్యోగం వచ్చింది. టీచర్ల క్వార్టర్సుకూ బడికీ మధ్య మూడు కిలోమీటర్ల దూరమనీ, ఆ దీవిలో అందరూ నడుస్తారు లేదా సైకిల్ తొక్కుతారనీ ఉత్తరంలో రాశారు. మా ఇంట్లో అందరూ ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకున్నారు. అక్కడ సైకిళ్లు దొరుకుతాయి, నిజమే. నా కాలికి సరిపోయే సైకిల్ మాత్రం ప్రపంచంలో ఒక్కటే ఉంది. దాన్ని విమానం ఎక్కించగలిగితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే లేదు. చౌడప్పకు కబురు పంపాను.

ఆయన మదనపల్లెలో ఫ్రిజ్జులమ్మే అంగడిలో ఒక పెద్ద అట్టపెట్టె అడిగి తీసుకుని, దాన్ని బస్సు టాపు మీద వేయించుకుని, పలమనేరులో బస్సు మారి, ఉదయం తొమ్మిదింటికల్లా కుప్పంలో నా గది ముందు దిగాడు.

“ఇమానం వాళ్లు ఏం సెప్పినారు?” అన్నాడు.

“పెడళ్లు తీసి, హ్యాండిల్ తిప్పి, టైర్లలో గాలి తగ్గించి, పెట్టెలో పెట్టమన్నారు మామా.”

“గాలి యాలంట?”

“పైన టైరు పగలొచ్చంట.”

“నేను ఇమానం ఎక్కలేదు. ఆడ గాలి ఎట్లుంటాదో నాకు తెలీదు. తెలీనప్పుడు సెప్పినట్టు ఇనేదే మేలు” అని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పానా నా చేతికిచ్చాడు.

కుడి పెడల్ తేలిగ్గా వచ్చింది. ఎడమది రాలేదు. పానా మీద బరువంతా వేసి వేలాడాను. కిరసనాయిలు పోశాను. చేతులు ఎర్రబడ్డాయి. ఆయన బీడీ ఒకటి పూర్తిగా కాల్చేదాకా చూసి, “ఎంతసేపు కొట్లాడతావు దాంతో? ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటాది. బిగించే పక్కకు తిప్పు, ఊడొస్తాది” అన్నాడు. తిప్పాను. ఊడివచ్చింది. పన్నెండేళ్లు తొక్కిన సైకిల్ గురించి నాకు తెలియని సంగతి. ఎందుకలా చేశారని అడిగాను. “కుడి దాని మాదిరే పెడితే తొక్కతా ఉంటే వదులైపోతాది. రెండుపక్కలా ఒకటే మాదిరి ఉండల్లని యాడుంది పాపా?” అన్నాడు. ఆయన పెడల్ సంగతే చెప్పాడు. నేను మాత్రం నా కాళ్ల వైపు చూసుకుని నవ్వాను. నేనెందుకు నవ్వానో ఆయనకు అర్థమైంది. చూపు పక్కకు తిప్పుకున్నాడు.

మొదటిసారి మొత్తం విప్పి మళ్లీ బిగించడానికి రెండు గంటలు పట్టింది. సంగటి, వేరుశనగ ఊరుబిండి పచ్చడి తిన్నాక రెండోసారి. మూడోసారి మొదలుపెట్టే ముందు నన్ను టీ తెమ్మని పంపించాడు. తిరిగి వచ్చి, నేను అంతా బిగించి లేచాక, “నువ్వు టీకి పోయినప్పుడు దీంట్లో ఒక తప్పు పెట్టినాను. కనుక్కో. కనుక్కోకుండా ఎక్కితే రోడ్డు మీద పడతావు” అన్నాడు. చక్రాలు తిప్పి చూశాను. బ్రేకులు, గొలుసు, హ్యాండిల్, సీటు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. తప్పేమీ లేదన్నాను. ఆయన లేచి వచ్చి వేపచెక్క దిమ్మెను రెండువేళ్లతో కదిపాడు. అది ఊగింది. అడుగున మరలు రెండూ ముందే వదులు చేసి పెట్టాడు.

“దీన్ని నువ్వు సూడలేదు. యాల?”

“అది నువ్వు చేసింది గదా మామా.”

“అదే తప్పు. నేను సేసిందని నమ్మినావు. ఆడ నేనుండను.”

మరలు బిగిస్తూ గట్టిగా అన్నాను: “ఇంక నాకు ఎవరి సాయమూ అక్కర్లేదులే మామా.” మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన మొహం చిట్లించాడు. “నేను అది నేర్పలేదు. పని తెలిసుంటే ఎవురితోనైనా సేయించుకోవచ్చు. వాళ్లు యాడ పట్టుకోవల్లో నువ్వు సెప్పగలవు. పని తెలీకపోతే ఎవురు ముట్టుకున్నా భయమే. అందుకే నేర్పించినాను. ఒంటిగా ఉండమని కాదు.” ఆయన అంత పొడుగ్గా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయాడు.

బెంగళూరు విమానాశ్రయంలో తమ్ముడు గేటు బయటే ఆగిపోవలసి వచ్చింది. సామాను అప్పగించే చోట ఉద్యోగి టేపు పెట్టి పెట్టె కొలిచి, ఎత్తు జానెడు ఎక్కువగా ఉందన్నాడు. అది ఫ్రిజ్జు కోసం చేసిన పెట్టె మరి. “ఇది ఎక్కదు మేడమ్. ఇక్కడ వదిలేసి వెళ్లండి, తరువాత మీవాళ్లు పంపిస్తారు” అన్నాడు కన్నడంలో, మర్యాదగానే. పెట్టె లోపల ఏది ఎక్కడ ఉందో కళ్లు మూసుకున్నా తెలుసు. సీటు గొట్టం పూర్తిగా తీసేసి, ముందు మడ్‌గార్డు విప్పితే జానెడు కంటే ఎక్కువే తగ్గుతుంది. “పది నిమిషాలు ఇవ్వండి” అన్నాను. నా వెనక వరుస పెరుగుతోంది. ఆయన నా కాలు చూసి, హమాలీని పిలవమంటారా అన్నాడు. గుడుపల్లె దారిలోనైతే వద్దనేదాన్ని. “పిలవండి. కొయ్యడానికి ఒక బ్లేడు కూడా కావాలి” అన్నాను. హమాలీకి ఫ్రేము ఎక్కడ పట్టుకోవాలో చెప్పాను. ఉద్యోగితో అట్ట అంచు నొక్కి పట్టించాను. నేను నేల మీద కూర్చుని విప్పాను, కోశాను, అతికించాను. ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. ఆయన మళ్లీ కొలిచి, పెట్టెకు చీటీ కట్టాడు.

దీవి రేవులో దిగి, కొబ్బరిచెట్ల నీడన సైకిల్ బిగించుకున్నాను. దిమ్మె మరలు రెండుసార్లు చూశాను. బడివాళ్లు తోపుడుబండి పంపారు. దాని మీద సామాను వేసి, పక్కనే తొక్కుకుంటూ క్వార్టర్సుకు చేరాను. మరునాడు చౌడప్ప షాపు పక్కనున్న ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి, ఆయన్ను పిలిపించాను.

“చేరినాను మామా.”

“ఎవురు బిగించినారు?”

“నేనే.”

“అట్లయితే సరే. ఇంగ నన్ను అడగబాకు” అని పెట్టేశాడు.

సెలవులకు వెళ్లినప్పుడు రెండుసార్లు కలిశాను. మూడోసారి వెళ్లేసరికి షాపు మూసి ఉంది. నిద్రలోనే పోయాడట. ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి, “షాపుకు వచ్చినోళ్లందరికీ సెప్పేవాడమ్మా, మా లెక్కల టీచరు ఇమానంలో సైకిలు ఏసుకుని సముద్రం దాటిందని” అంది. నా ముందు ఆయన ఒక్కసారీ మెచ్చుకోలేదు. ఆ మాట ఆమె నోట వినడమే నాకు బాగుంది.

పరీక్షల పని మీద పక్క దీవికి వెళ్లాలంటే పడవ ఎక్కాలి. అలకు పడవ లేస్తూ దిగుతూ ఉంటుంది. పడవ నడిపే సరంగు ప్రతిసారీ చెయ్యి చాపుతాడు. చాపిన చేతిని చూసి మొహం తిప్పుకునే వయసు నేను దాటి వచ్చాను. “లాగొద్దు. ఎడమ మోచేతి కింద పట్టుకో, నేను చెప్పినప్పుడు ఎత్తు” అని చెబుతాను. పట్టుకుంటాడు. అల పైకి వచ్చేదాకా ఇద్దరం ఆగుతాం. అప్పుడు చెబుతాను, ఎక్కుతాను.