రాయి చూసే వైపు

ఉస్తాద్ పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మన్సూరాబాద్‌లో మా గల్లీ అంతా తిరిగి లడ్డూలు పంచుతున్నాను. మా అమ్మాయికి మనవరాలు పుట్టి మూడు రోజులైంది. అంటే నేను ముత్తాతనయ్యాను. ఆయన కొడుకు ఫోన్‌లో "నాయిన పొద్దుగాల పోయిండు" అన్నాడు. నా నోట్లో లడ్డూ ఉంది. ఉమ్మలేను, మింగలేను. ముద్దను బుగ్గన పెట్టుకుని గోడకానుకుని నిలబడ్డాను. చదివేవాళ్లు తప్పుగా అనుకోవద్దు. నాకు ఏడుపూ ఆగడం లేదు, సంతోషమూ ఆగడం లేదు. రెండూ ఆ ఒక్క మనిషి వల్ల వచ్చినవే కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఏడో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకోండి.

ఉస్తాద్ అంటే దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని బండ్లకు ఇనుప పని చేసినాయన. నాకు వెల్డింగ్ నేర్పిన గురువు. మంచివాడని మాత్రం రాయను. రాస్తే శవపెట్టెలోంచి లేచి వచ్చి తిడతాడు. ఆయన నోరు మంచిది కాదు, చెయ్యి అంతకంటే మంచిది కాదు. పని చెడితే ఎందుకు చెడిందో చెప్పేవాడు కాదు. చెడిన చోట మన వేలు పెట్టించేవాడు, ఇనుము ఇంకా చల్లారకముందే. నాకంటే ముందు చేరిన ఇద్దరు ఒకే నెలలో ఏడ్చుకుంటూ వెళ్లిపోయారు. నేను నల్గొండ పల్లె నుంచి భార్యను తీసుకుని వచ్చి మన్సూరాబాద్‌లో కిరాయికి ఉంటున్నాను. వెళ్లడానికి ఇంకో చోటు లేక మిగిలాను.

మా షెడ్డుకు మిలిటరీ వాళ్లు అమ్మేసిన పాత ట్రక్కులు వచ్చేవి. బోర్లు వేసే సేట్లు వాటిని కొని నాదర్‌గుల్ అవతల బండల మీద తిప్పేవాళ్లు. ఆ బండ్లకు ఒకటే గండం. ఇంజన్ కింద ఆయిల్ నిండిన చాంబర్ వేలాడుతుంది. రాయి తగిలి అది పగిలిందంటే ఆయిలంతా నేలపాలు, బండి అక్కడే శవం. అందుకని దాని కింద మందపాటి ఇనుప పలకతో గార్డు చేసి బిగించేవాళ్లం. ఏ రెండు బండ్ల కొలతా ఒకటి కాదు. కింద వెల్లకిలా పడుకుని, అట్టముక్క ఆనించి కొలత తీసి, దాని ప్రకారం ఇనుము కోసి వంచాలి. "పైన రంగు ఓనరు చూస్తడు, కింద ఇనుము రాయి చూస్తది" అనేవాడు ఉస్తాద్. రాయికి అబద్ధం చెప్పలేమని ఆయన ఉద్దేశం.

అది పందొమ్మిది వందల అరవై తొమ్మిది. తెలంగాణ కోసం ఊరు ఊరంతా ఉడుకుతోంది. ఒకనాడు బంద్, ఒకనాడు కర్ఫ్యూ. ఇప్పుడు మెట్రో ఆగే ఎల్‌బీ నగర్ అప్పుడు తుమ్మచెట్లూ బండలూ. మధ్యలో విజయవాడ రోడ్డు ఒక్కటే. ఆ రోడ్డు మీద రాళ్లు పేర్చారంటే చీమ కూడా కదలదు. నా భార్యకు నెలలు నిండాయి.

ఆ రోజు బంద్. బస్సులు లేవు. ఒక సేటు ట్రక్కుకు నేను చేసిన గార్డు బిగించాను. అంత పెద్ద పలక దొరకక రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికాను. ఇంటి మీద పెంకు పరిచినట్టు వరస చక్కగా కుదిరిందని మురిసిపోయాను. తప్పు అక్కడే జరిగింది. నేల మీద పెట్టి చేసేటప్పుడు మన కంటికి కనబడే వైపు ఇంజన్ వైపుకు పోతుంది. రాయి చూసేది రెండో వైపు. అది మరిచిపోయాను. బండికి ఎక్కించాక వెనక ముక్క అంచు కిందికి వచ్చి, నాగలి కర్రులా ముందుకు తిరిగి కూర్చుంది.

ఉస్తాద్ బండి కిందికి దూరాడు, నన్నూ లాగాడు. నా కుడి అరచేయి పట్టుకుని గార్డు ముందు కొసన ఒత్తి పెట్టి వెనక్కి బర్రున ఈడ్చాడు. ఎవరి పనినైనా ఆయన పరీక్షించే పద్ధతి అదే, చేసినవాడి చేత్తోనే. అతుకు దగ్గర అంచు నా చేతిని కోసేసింది. రక్తం నా ముఖం మీదే పడింది. "రాయి గిట్లనే పట్టుకుంటది. ఇప్పు, మళ్ల చేయ్" అని బయటికి పోయి బీడీ ముట్టించాడు.

గుడ్డ చుట్టుకుంటుండగానే మా పక్కింటాయన సైకిల్ మీద వచ్చాడు. నా భార్య పొద్దున్నుంచీ నొప్పులు పడుతోందనీ, బిడ్డ అడ్డం తిరిగింది, తన వల్ల కాదు, దవాఖానకు తీసుకుపొమ్మని మంత్రసాని చేతులెత్తేసిందనీ చెప్పాడు. నేను పరుగు తీయబోయాను.

"యాడికి?" అన్నాడు ఉస్తాద్.

"ఇంటికి, ఉస్తాద్."

"పోయి ఏం చేస్తవ్? బస్సుల్లేవ్. భుజాన మోస్కపోతవా? గార్డు అయిపోని, ఈ బండిలనే తీస్కపోదాం. దానికి టెస్టు గూడ అయితది."

నేను కాళ్ల మీద పడ్డాను. ఈ గార్డు లేకుండానే బండి తీయమని బతిమాలాను. కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "గార్డు సక్కగ లేకుండ నా షెడ్డుల కెల్లి బండి పోదు. నీ పెండ్లాం ఉన్నా, నా తల్లి ఉన్నా." అంతే. ఆ తెగిన చేత్తో బోల్టులు విప్పి, అతుకు కోసి, ముందు ముక్కను కిందికి తెచ్చి మళ్లీ అతికాను. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఆయన్ని మనసులో ఎన్నిసార్లు చంపానో దేవుడికే తెలుసు. మళ్లీ నా చేయి పట్టి ఈడ్చాడు, గుడ్డ మీంచే. ఈసారి తట్టలేదు.

ఆయనే నడిపాడు. మా ఇంటికి పోయి నా భార్యను బొంతలో ఎత్తి ట్రక్కులో పడుకోబెట్టాము. దవాఖానకు మళ్లేసరికి విజయవాడ రోడ్డు మీద రాళ్ల గోడ. ఉస్తాద్ ఆగకుండా బండిని పక్కకు, బండల్లోకి దింపాడు. ఒకచోట కింద ఢామ్మని మోగింది. బండి ఎగిరి పడింది, నా భార్య కేక పెట్టింది. ఉస్తాద్ ఇంజన్ ఆపి దిగమన్నాడు. ఆమె నా చొక్కా పట్టుకుని వదలడం లేదు. వేళ్లు విడిపించుకుని కింద దూరి చేయి పెట్టి చూశాను. ఇనుము మీద జానెడు గీత. ఆయిల్ చుక్క లేదు. రాయి జారిపోయింది. పాత గార్డయితే రాయి ఆ అంచును పట్టి గార్డునూ చాంబర్‌నూ కలిపి చీల్చేది. మేం ఆ తుమ్మల మధ్యే ఉండేవాళ్లం.

పొద్దు గూకకముందే దవాఖానలో మా అమ్మాయి పుట్టింది. ఇంకో గంట ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ చెప్పింది. బయట ట్రక్కు కింద దూరి గీత చూసుకుంటున్న ఉస్తాద్‌కు ఆడపిల్ల అని చెప్పాను. "రెండో గార్డు బాగొచ్చింది" అన్నాడు. అది బిడ్డ గురించే అనుకుని పొంగిపోయాను. తరువాత తెలిసింది, ఇనుము గురించే.

ఎందుకంటే చాలా ఏళ్ల తరువాత అడిగాను. ఆ రోజు నా భార్య కోసమే కదా అంత పట్టు పట్టావు, బండల దారి పట్టాల్సి వస్తుందని ముందే తెలుసు కదా అని. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "నాకేం తెల్సు? గార్డు సక్కగ లేకుండె, గంతే. నీ పెండ్లాం సచ్చినా మళ్ల చేయమందును." నా ఎదుటే, మొహం మీదే. మెత్తని అబద్ధం ఒకటి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

నా భార్య ఆ రెండు గంటల్ని ఇవాళ్టికీ క్షమించలేదు. మా ఇంటికి వచ్చిన ఆయనకు ఏనాడూ మంచినీళ్లివ్వలేదు. "ఆ గార్డేం కాసింది? నా పండ్ల బిగువే కాసింది" అంటుంది. ఆమె మాటా నిజమే. నేనేమో ఏటేటా బిడ్డ పుట్టినరోజుకు మిఠాయి పట్టుకుని షెడ్డుకు వెళ్లేవాణ్ణి. ఆయన ఒకటి నోట్లో వేసుకుని "రెండో గార్డు ఎట్లుంది?" అనేవాడు. బిడ్డ పేరు ఎన్నడూ గుర్తు పెట్టుకోలేదు. ఈసారి మిఠాయి నా చేతిలోనే ఉండిపోయింది.

ఉస్తాద్ వాళ్లు క్రైస్తవులు, ఆయన్ని పెట్టెలో పెట్టి సమాధుల తోటకు తెచ్చారు. మా అమ్మాయి నాతో వచ్చింది. నా భార్య కూడా వచ్చింది, గేటు దగ్గరే నిలబడింది. ముసలివాణ్ణయినా నేనూ ఒక మూల పట్టాను. నాలుగడుగులు వేశాక నా కుడిచేయి దానంతటదే పెట్టె కిందికి పోయింది, ముందు నుంచి వెనక్కి జరిగింది. సగంలో మేకు మొన తగిలి, సరిగ్గా పాత మచ్చ మీదే గీసుకుంది. ఆగమన్నాను. మేకు వంచితేనే కదులుతానన్నాను. ఎర్రటెండలో పెట్టె మోస్తున్నవాళ్లు గొణుగుతున్నారు, ఎవరో సుత్తి కోసం పరుగెత్తారు. గేటు దగ్గర్నుంచి నా భార్య "పోయినోణ్ణి గూడ సక్కగ పోనియ్యవా?" అంది.

మేకు వంచారు. నేను మళ్లీ చేయి పెట్టబోతే రక్తం కారుతోందని మా అమ్మాయి నన్ను పక్కకు జరిపింది. ఆ బరువు కింద తనే వంగి, అరచేయి పెట్టి, ముందు నుంచి వెనక దాకా మెల్లగా ఈడ్చింది.