గోడ వద్దన్న చోట కిటికీ

నిన్న చింతామణి ఊళ్లో చర్చికి సున్నం కొడుతూ పాత బెంచీలు బయట పెట్టారు. వాటిని చూసి కాళ్లు ఆగిపోయాయి.

నా ఈడు వాళ్లకు గుర్తుందా, చెరువు తెగి మన పల్లెలో మట్టి ఇళ్లన్నీ కరిగిపోయిన ఏడాది? మా గోడ కూలి నాలుగేళ్ల తమ్ముడు పోయాడు.

ఇళ్లు కట్టిపెట్టడానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఆ బెంచీల మీదే పడుకునేవారు, పొద్దున్నే మన పల్లెకు వచ్చేవారు.

మా గోడ లేపబోతే అమ్మ అడ్డం నిలబడింది.

"ఆడ గోడ లేపద్దండప్పా. నా కొడుకు ఆడే పోయినాడు."

వాళ్లలో పెద్దాయన తాపీ కింద పెట్టాడు.

"ఆడ కిటికీ పెడదామా అమ్మా? వెలుతురు వస్తాది."

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పెట్టండప్పా. వానికి చీకటంటే బయం."