పడమటి గోడకు ఏగిస చెక్కలు

పోయిన నెల ప్రొద్దుటూరులో ఒక కలప అంగడికి వెళ్లాను. మేము కొత్తగా కట్టుకుంటున్న ఇంటికి ముందు గోడంతా చెక్కలు కొట్టించాలని నా పట్టుదల. అంగడాయన నన్ను చల్లటి గదిలో కూర్చోబెట్టి, చెక్క గీతలు అచ్చేసిన ప్లాస్టిక్ పలకలు ఒకదాని మీద ఒకటి పరిచి, వానకు తడవవు, ఎండకు వంగవు, చెదలు పట్టవు అని ఏకరువు పెడుతున్నాడు. ఒకదాన్ని తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే కొత్త బక్కెట్టు వాసన వచ్చింది. అప్పుడే వెనక షెడ్డులో ఎవరో మిషన్ మీద కలప చిత్రిక పడుతున్నట్టున్నారు, తలుపు సందులోంచి ఆ వాసన వచ్చి తగిలింది. కాస్త చేదు, కాస్త మిరియాల ఘాటు, వెనకాలే ఒక సన్నటి తీపి. పాపం ఆయన మాట మధ్యలో ఉండగానే లేచి వెనక్కి నడిచాను. ఆ వాసన తగిలాక కదలకుండా కూర్చోమంటే నేను కూర్చునే రకం కాదు. నేను పుట్టిందే ఆ వాసనలో.

జమ్మలమడుగులో మా ఇంటి ముందరి వాకిలే మా నాయన పనిచోటు. నాయన పేరు నరసింహులు, వడ్ల పని, అంటే వడ్రంగం. చలికాలం పొద్దున్నే వేపచెట్టు కింద చిత్రిక పడుతుంటే పొట్టు చుట్టలు చుట్టలుగా ఊడి పడేది, మేము ఆడపిల్లలం వాటిని గాజులని చేతులకు, కమ్మలని చెవులకు, జడగంటలని జడలకు తగిలించుకుని వీధంతా పెళ్లివారిలా తిరిగేవాళ్లం. ఎండాకాలం వస్తే బండి చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించే పని ఉండేది. పిడకల మంటలో ఎర్రగా కాలిన పట్టాను నలుగురు పట్టకార్లతో పట్టుకొచ్చి చక్రం మీద వేసి నీళ్లు కుమ్మరిస్తే బుస్సుమని లేచే పొగలో మేము కావాలనే దూరి, దగ్గుకుంటూ కండ్లు నలుపుకుంటూ బయటికొచ్చి, తిట్లు తిని, మళ్లీ దూరేవాళ్లం. ఉగాదికి మా జేజి, అంటే నాయన తల్లి, చేసే ఓళిగల్లో నెయ్యి కంటే ముందు పొట్టు పడేది. "తినండే, కట్టె గూడా కడుపులోకి పోతే గట్టిగుంటారు" అనేది జేజి. నోట్లో ఆకువక్క, నడుముకు వక్కాకు సంచి, ఆ సంచిలో సున్నం డబ్బీ లేకుండా ఆమెను నేను ఒక్కనాడూ చూడలేదు.

నేను అయిదో తరగతిలో ఉండగా చక్రాల పని ఆగిపోయింది. ఊళ్లోకి ట్రాక్టర్లు వచ్చేశాయి, ఎద్దుల బండ్లు ఒక్కొక్కటే దిబ్బల పక్కన కాడి దించుకుని కూర్చున్నాయి. నెలల తరబడి నాయన ఎవరింటికో మంచం కోడు, ఎవరింటికో తలుపు గడియ చేసి కాలం గడిపాడు. ఎర్రగుంట్ల పక్క సిమెంటు ఫ్యాక్టరీలో మూటలెత్తే పని ఉందని, ఎండాకాలం దాటేలోపు పనులేమీ రాకపోతే సామానంతా అమ్మేసి ఆ పనికి పోతానని ఒకనాడు సంగటి తింటూ చెప్పాడు. జేజి తింటున్న ముద్ద పళ్లెంలోనే పెట్టేసింది. "నీ చేతిలో ఉలి లేకుంటే నువ్వెవురు రా?" అంది. నాయన చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ రోజు నాకు ఆకలి చచ్చిపోయింది. సిమెంటు దుమ్ముతో తెల్లబడిన మా నాయనను ఊహించుకుని గోడ పక్కకు పోయి ఏడ్చాను.

అట్లాంటి సమయంలో ఓబుళరెడ్డి మామ మా వాకిట్లోకి వచ్చాడు. పులివెందుల దగ్గర ఆయనకు చీనీ తోట ఉండేది, కాయలు లారీకెత్తి బెంగళూరు తీసుకుపోయేవాడు. జమ్మలమడుగులో కొత్తగా ఇల్లు కట్టాడు, మా వైపు అందరిలాగే నాపరాళ్లతో. ఇల్లు పడమటి ముఖం. మధ్యాహ్నం నుంచి ఎండ పీల్చుకున్న ఆ రాతి గోడ దీపాలు పెట్టే వేళకు కూడా పెనంలా కాలేది. బెంగళూరు దారిలో ఒక ఇంటి ముందు గోడంతా చెక్కలు కప్పి ఉండగా చూశాడట.

"అట్ల కొట్టగలవా నరసింహులూ?" అన్నాడు. "కొట్టి, రెండు వానలకే ఊడి పడిందంటే మాత్రం ఊళ్లో నాకు తల యాడ పెట్టుకోవాల్నో తెలీదు."

"ఊడితే నేను ఉలి పట్టను మామా" అన్నాడు నాయన. ఆ మాట ఆయన ఊరికే అన్నాడనుకున్నాడు రెడ్డి మామ. మా ఇంట్లోవాళ్లకు మాత్రం సిమెంటు ఫ్యాక్టరీ గుర్తొచ్చింది.

కలప ఏరడానికి ప్రొద్దుటూరు పోయేటప్పుడు, బడి ఎగ్గొట్టి మరీ నేను వెంటపడ్డాను. బస్టాండులో వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినిపించి మస్తాన్ సాయిబు కోత మిల్లుకు తీసుకుపోయాడు నాయన. ఆ మిల్లులో ఆయన కలపను చూసే పద్ధతి చూస్తే పెళ్లిచూపులు కూడా తీసికట్టే. టేకు దగ్గర ఆగి, ఒకసారి నిమిరి, మన తాహతు కాదని ముందుకు నడిచాడు. మద్ది బాగుంది గానీ ఎండకు పగుళ్లిస్తుందన్నాడు. ఎప్పుడూ బండ్లకు వాడే ఏగిస కలప దగ్గర చతికిలబడి కూర్చున్నాడు. ఒక్కో పలకను వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నాడు, అంచున నాలుకతో తాకి ఉమ్మేశాడు, ఒక నీటి చుక్క వేసి అది ఇంకుతుందా నిలుస్తుందా అని తదేకంగా చూశాడు. అంచుల్లో తెల్లకట్టె ఉన్న పలకలన్నీ పక్కకు పోయాయి, చేవ ఉన్నవే మిగిలాయి. "ఏందప్పా, కోడలిని ఎంచుకుంటాండావా?" అని సాయిబు నవ్వి, నాకు పీర్ల పండక్కి ఇంట్లో చేసిన చోంగెలు, అంటే తీపి రొట్టెలు, రెండు చేతిలో పెట్టాడు. ఆ రోజంతా నేను మహారాణినే.

తెచ్చిన పలకలను వెంటనే కొట్టలేదు. పలకకు పలకకు నడుమ సన్నటి పుల్లలు పెట్టి, నీడలో పేర్చి, చలికాలమంతా ఆరబెట్టాడు. రెడ్డి మామ వారానికోసారి వచ్చి, "ఏం నరసింహులూ, మామిడికాయలు మాగబెడతాండావా?" అని ఎగతాళి చేసి పోయేవాడు. ఉగాది దాటాక పని మొదలైంది. ముందు గోడకు నిలువునా రీపర్లు, అంటే సన్నటి కట్టె బద్దలు, బిగించాడు, వాటి మీద అడ్డంగా కింది నుంచి పైకి పలకలు, పై పలక అంచు కింది పలక మీదికి వచ్చేలా. ఇనుప మేకు తగిలితే ఏగిస నల్లబడుతుందని ఇత్తడి మరమేకులే వాడాడు. పలకల కొసలు కలిసే చోట చింతగింజ మందం సందు ఉండాలి. ఆ చింతగింజ పట్టుకుని నిలబడే ఉద్యోగం నాది. మా ఆటలోంచి ఏరి తెచ్చిన, అన్నీ ఒకే మందమున్న గింజలు నా పరికిణీ ముడిలో ఉండేవి.

రాతితో కట్టే ఊరు కదా మాది, ఆ సందులు ఎవరికీ మింగుడు పడలేదు. రాయి పక్కన రాయిని ఆనించి, నడుమ చీమ దూరకుండా సిమెంటు పూయడమే మావాళ్లకు తెలిసిన పని. రెడ్డి మామ సరాసరి బేల్దారిని సిమెంటు తట్టతో వెంటబెట్టుకుని వచ్చాడు.

"గోడకూ చెక్కకూ నడుమ ఇంత ఖాళీ యాల? సిమెంటు పోసి మూసేయ్ నరసింహులూ, గట్టిగుంటాది."

"రాయి పెట్టిన చోట పడుంటాది మామా. కట్టె అట్ల కాదు, వానకు ఉబ్బుతాది, ఎండకు ముడుచుకుంటాది. దానికి ఊపిరాడల్ల. సిమెంటు పోయాలంటే నన్ను పంపించేసి పోసుకో."

మా నాయన అంత గట్టిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. తట్ట వెనక్కి పోయింది. నేను చింతగింజ పట్టుకుని ఇంకాస్త నిటారుగా నిలబడ్డాను.

పని అయిపోయింది. గోడ బంగారు రంగులో మెరిసిపోయింది, ఊరు ఊరంతా పనిగట్టుకుని చూసి పోయింది. వైశాఖంలో ఇంట్లో దిగడానికి ముహూర్తం పెట్టుకున్నారు. ఇంటావిడ పునాది గోడకు, అరుగులకు తెల్లగా సున్నం కొట్టించింది. చెక్కలకు అవిసె నూనె పూయడం ఒక్కటే మిగిలింది, అది రేపు చేద్దామని నాయన ఇంటికొచ్చిన సాయంత్రమే ఆకాశం పగిలినట్టు గాలివాన కొట్టింది.

పొద్దున్నే పోయి చూస్తే ఏముంది! తెల్లటి పునాది మీద, అరుగుల మీద, పై నుంచి కింది దాకా ఎర్రటి చారలు. రక్తం కారినట్టుంది ఇల్లు. ఏ పలక నుంచి కారిందో అని నాయన గోడంతా వెతికాడు. ఆయన చేతుల మీదుగా ఎన్ని ఏగిస బండ్లు పోయాయో, ఏ బండీ ఇట్లా ఎరుపు కార్చలేదు. గుమిగూడిన జనం మాత్రం అప్పుడే తేల్చేశారు. మాది ఎర్రచందనం అడవుల జిల్లా; కట్టెలోంచి ఎరుపు కారిందంటే మావాళ్ల బుర్రకు ఇంకో మాట తట్టదు. "ఎర్రచందనం రా! రెడ్డి ఇంటికి ఎర్రచందనం కొట్టినాడు!" అన్న మాట ఎండ ముదిరేలోపు ఊరు దాటింది. రెడ్డి మామ ముఖం పాలిపోయింది. "పీకేయ్ నరసింహులూ, అన్నీ పీకేయ్! నన్ను జైల్లో కూర్చోబెడతావా ఏంది?" అని ఒకటే అరుపులు. మధ్యాహ్నానికి అటవీ ఆఫీసరు జీపు దిగాడు.

కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. మిల్లు రసీదు చూశాడు, గోడ చూశాడు, చారలు చూశాడు. "కాగితం సరేనండీ, కలప ఏమిటో తేలేదాకా ఇవన్నీ విప్పి స్వాధీనం చేయాల్సి ఉంటుంది" అన్నాడు. విప్పిన చెక్క మళ్లీ అదే గోడకు, అదే పేరుతో ఎక్కదు. ఎర్రగుంట్ల బస్సు మా ఇంటి ముందు ఆగి హారన్ కొడుతున్నట్టే అనిపించింది నాకు.

నాయన తేరుకుని ఒక తునక తెచ్చాడు. "ఎర్రచందనం నీళ్లలో మునుగుతాది సార్, ఇది చూడండి" అని పశువుల తొట్టిలో వేశాడు. తునక తేలింది. జనం హోయ్ అన్నారు.

"తేలింది, ఒప్పుకున్నాను. మరి ఈ ఎరుపు ఎక్కడిదండీ?"

నాయన తునకను తొట్టిలోంచి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. అప్పుడే జనాన్ని మోచేతులతో తోసుకుంటూ మా జేజి వచ్చింది. పొద్దున ఒకసారి వచ్చి ఆ చారలు వేలితో తడిమి, వేలు వాసన చూసి ఇంటికి పోయిన మనిషి ఇప్పుడు ఒక చేతిలో నీళ్ల చెంబు, ఒడిలో పిడికెడు పొట్టుతో తిరిగొచ్చింది. పొట్టు చెంబులో వేసింది. "కూచో నాయనా, ఆకు నమిలేంత సేపు పడ్తాది" అని ఆఫీసరును అరుగు మీద కూర్చోబెట్టి, తాపీగా ఆకుకు ఈనె తీసి, వక్క కొరికి, నమలడం మొదలుపెట్టింది. మాకందరికీ ప్రాణాలు పైకి పోతున్నాయి. చివరికి చెంబు ఆయన ముందు వంచింది.

"ఏం రంగు?"

"పసుపు" అన్నాడు ఆయన.

జేజి డబ్బీలోంచి వేలితో ఇంత సున్నం తీసి చెంబులో కలిపింది. పసుపు నీళ్లు మా కళ్ల ముందే ఎర్రబడ్డాయి. "కట్టె కార్చింది పసుపు. ఎర్రజేసింది ఈ ఇంటావిడ కొట్టించిన పచ్చి సున్నం. బండికి సున్నం కొట్టేటోడు యాడా లేడు గాబట్టి నా కొడుక్కు తెలీలే. ఎర్రనీళ్లు ఎట్ల కలుపుతారో మీ ఇంట్లో ఆడోళ్లను అడుగు. దిష్టి తీసేదానికే గదా కలిపేది? ఊరంతా కండ్లు పెట్టుకుని చూసిన ఇల్లు, మనుషులు మర్చిపోతే వానే దిష్టి తీసింది!"

 ముందు ఆఫీసరే పగలబడి నవ్వాడు, ఆయన వెనక ఊరంతా నవ్వింది. పోతూ పోతూ ఏగిస గ్లాసులో నీళ్లు చక్కెర జబ్బుకు మంచివంటారు కదా, తన తల్లికి ఒకటి చేసిపెట్టమని నాయనను అడిగి మరీ పోయాడు. రెడ్డి మామ మా జేజి కాళ్లకు దండం పెట్టబోతే, "నాకెందుకు, వానికి పెట్టు" అని కొడుకును చూపించింది.

ఇంట్లో దిగే రోజు పంతులు కంటే ముందు మా నాయనకు కొత్త పంచె కప్పారు. సాయంత్రం నాలుగు గంటలకు, ఎండ నిండా గోడ మీద ఉండగా, రెడ్డి మామ తల్లి వచ్చి ఆ చెక్కలకు వీపు ఆనించి కూర్చుని, "అబ్బ, సల్లగుంది" అంది. ఆ మాటకు నేను చప్పట్లు కొట్టాను. ఆ నెలలోనే పులివెందుల నుంచి ఇద్దరు, ప్రొద్దుటూరు నుంచి ఒక బంగారు అంగడాయన మా వాకిలి వెతుక్కుంటూ వచ్చారు. సిమెంటు ఫ్యాక్టరీ మాట మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నాయన చివరిదాకా ఉలి పట్టిన చేత్తోనే బతికాడు.

ఇప్పుడు నాయన లేడు, జేజి లేదు. మిల్లులకు ఏగిస దుంగలు రావడం మానేశాయి, ఎద్దుల బండి చూడాలంటే తిరునాళ్లకు పోవాలి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రెడ్డి మామ ఇల్లు కూడా పోయింది. కానీ చెక్కలు పోలేదు; ఆయన మనవళ్లు ఒక్కొక్క మరమేకే విప్పి పులివెందుల తోటలో పాకకు కొట్టుకున్నారు, వెళ్లి చూసి వచ్చాను, ఒక్క పలక వంగలేదు.

ప్రొద్దుటూరులో నేను కొన్నది ఏదో దూరదేశపు కలప. వేలితో కొట్టి, నాలుకతో తాకి, పలకకు పలక ఏరుకున్నాను, అంగడాయన నోరెళ్లబెట్టినా సరే. మొన్న పనివాళ్లు మిషన్లతో వచ్చి గోడకు ఆనించి బిగించబోతే దించి, రీపర్లు కొట్టించి, సందులు పెట్టించి, కొసలకు నూనె తాగించేదాకా ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాళ్ల మేస్త్రీ విసిగిపోయి చెమట తుడుచుకుంటూ, "మీరు ఇంజనీరా మేడం?" అని అడిగాడు.

"కాదప్పా" అన్నాను. "వడ్ల నరసింహులు కూతుర్ని."