కోర్టు మేడమ్‌కు పెళ్లిచూపులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజులు తలచుకుంటే, నాకంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందా అనిపిస్తుంది. ఏమీ తెలియకపోవడం నుంచే వచ్చి ఉంటుంది. ప్రొబేషన్ ఆఫీసరు అనే మాట జనగామలో మా చుట్టాలెవరికీ నోరు తిరగలేదు. "అంటే జైలు మేడమా?" అని మా మేనత్త కంగారు పడితే, "కాదక్కా, జైలుకు పోకుంట చూసే మేడమ్" అని మా బాపు సర్దిచెప్పాడు. (నిజానికి అంత తేలిగ్గా నేను కూడా చెప్పలేకపోయాను.) మొదటిసారి తప్పు చేసిన మనిషిని జైల్లో పెట్టకుండా, మంచిగా నడుచుకుంటానని హామీ తీసుకుని తన ఊళ్లోనే బతకనిచ్చి, కొంతకాలం కనిపెట్టుకుని ఉండటం మా పని. అలా వదలదగ్గ మనిషేనా అని ముందుగా ఊరికి పోయి విచారించి, జడ్జి గారికి నివేదిక ఇవ్వడం కూడా మా పనే.

భూపాలపల్లిలో నాకు అప్పజెప్పిన మొదటి విచారణ టేకుమట్ల దగ్గర ఒక ఊరిది. ఆ మనిషి ట్రాక్టర్ నడిపేవాడు కాబట్టి డ్రైవరన్న అంటాను. పొలానికి నీళ్లు పెట్టుకునే దగ్గర, పక్క చేనులో మిరప వేసే పెద్దాయనతో మాటకు మాట పెరిగి, పార కట్టెతో కొడితే ఆయన చెయ్యి విరిగింది. కోర్టులో తప్పు రుజువైంది. జైలుకు పంపాలా, ఇంటికి పంపాలా అని తేల్చే ముందు జడ్జి గారు నివేదిక అడిగారు. మా పెద్దసారు నన్ను పిలిచి, "ఊళ్లోకి పోంగనే కోర్టు, కేసు అని చాటకమ్మా. ఆ మనిషి ఇజ్జత్ పోతది. చుట్టపుచూపుగ పోయినట్టు నిమ్మళంగ అడుగు" అన్నారు. ఆ మాటను నేను తు.చ. తప్పకుండా పాటించాను. నా కొంప మునిగింది అక్కడే.

నా మకాం ఎట్లుందో చూసిపోదామని బాపు అప్పుడు జనగామ నుంచి వచ్చి ఉన్నాడు. "ఎరుగని ఊరికి ఒక్కదానివి ఎట్ల పోతవు బిడ్డా? నేనొస్త" అని పట్టుబట్టాడు. పైగా నా స్కూటీ తనే నడుపుతానన్నాడు (కూతురి వెనక కూర్చుంటే ఆయన మీసానికి చిన్నతనం). ఇస్త్రీ తెల్లచొక్కా వేసి, భుజాన కండువా వేసుకున్నాడు. మొదటి విచారణ కదా అని నేనూ ఉన్నవాటిలో మంచి చీర కట్టాను. పత్తిచేల మధ్య నుంచి తండ్రీకూతుళ్లం అలా ఊళ్లోకి దిగితే ఎలా కనిపిస్తామో ఇద్దరికీ తట్టలేదు.

ఊరి మొదట్లో చాయ హోటల్. నడిపే అక్కను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "ట్రాక్టర్ డ్రైవరు ఎట్లాంటి మనిషి అక్కా? తాగుతాడా?" అని అడిగాను. ఆమె నన్ను చూసింది, బాపును చూసింది, నా చీరను చూసింది. ముఖం చేటంత అయింది. "తాగుడా? దావత్‌ల గూడ కల్లు ముట్టడు చెల్లె!" అంది. బెంచీ మీద ఉన్న తాతకు చాయ గొంతుకు అడ్డం పడి దగ్గు వచ్చింది. "మరి కోపం?" అన్నాను. "కోపమా? వానికా? దోమ కుట్టినా కొట్టడు" అని ఆ తాతే దగ్గు ఆపుకుని చెప్పాడు. ఇంతలో బాపు, మాట్లాడనని నాకు ఒట్టేసి వచ్చిన మనిషి, ఉండబట్టలేక "భూమి ఎంతుంటది?" అనేశాడు. ఇక నేను చెప్పడానికి ఏం మిగిలింది? మేము చాయ తాగి లేచేసరికి ఊరంతా గుప్పుమంది.

దెబ్బ తిన్న మనిషిని కూడా కలవాలి కదా. ఆయనను ఊళ్లో అందరూ మిర్చి కాక అంటారు. (పంటను బట్టి వచ్చిన పేరో, నోటిని బట్టి వచ్చిందో తెలియదు.) మేము పోయేసరికే ఆయన వాకిట్లో మంచం వాల్చి ఉంచాడు. కుడిచెయ్యి సరిగ్గా ముడుచుకోవడం లేదు. "చేతికి ఏమైంది కాకా?" అని అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆకాశం దిక్కు చూసి, "బర్రె తన్నింది బిడ్డా" అన్నాడు. కోర్టు నమ్మిన సాక్ష్యం ఆ బర్రె తన్నుతో పోయింది. ఇప్పుడు నేనేం రాయాలి?

అక్కడి నుంచి మమ్మల్ని ఊరే డ్రైవరన్న ఇంటికి తీసుకుపోయింది, మిర్చి కాక సహా. అతని అవ్వ, అంటే కన్నతల్లి, మా కాళ్లకు నీళ్లిచ్చింది, నాకు బొట్టు పెట్టింది, సకినాల పళ్లెం ముందు పెట్టి నా జడ పొడుగు చేత్తో చూసి "బంగారమసొంటి పిల్ల" అని కళ్లు తుడుచుకుంది. అప్పటికి నాకు అర్థమైంది. చెబుదామనుకుని, ఆ తల్లి ముఖం చూసి, ఇంకాసేపాగి చెబుదాంలే అని కూర్చున్నాను. బాపు మాత్రం సకినం కొరుకుతూ ఇంటి దూలాలు పరీక్షగా చూస్తున్నాడు.

అప్పుడే డ్రైవరన్న చేతులకు ఆయిలు మరకలతో గుమ్మంలోకి వచ్చాడు. నన్ను కోర్టులో చూసినవాడు కదా, ఒక్కసారిగా చేతులు జోడించి బిగుసుకుపోయి, "నమస్తే మేడమ్" అన్నాడు. వాళ్ల అవ్వ మురిసిపోయి, "ఓరి నీ అయ్య! గిప్పట్నుంచే మేడమంటున్నవా?" అంది. వాకిలంతా నవ్వు. డ్రైవరన్న ఒక్కడే నవ్వలేదు. "అవ్వా, గీమె కోర్టు మేడమే. నన్ను జైలుకు తోలాల్నా, వద్దా అని రాసేది గీమెనే" అన్నాడు.

అవ్వ చేతిలో చెంబు కింద పెట్టేసింది. నేను లేచి, నా పేరూ ఉద్యోగమూ చెప్పి, వచ్చిన పని చెప్పాను.

మొదట మాట్లాడింది మిర్చి కాక. "పెండ్లి సంబంధమని అనుకున్న బిడ్డా. పిలగాని బతుకు ఎందుకు చెడగొట్టాలని బర్రె మీదేసిన. కోర్టంటే నిజమే చెప్త. కొట్టింది వీడే." ఆగి, చేతి దిక్కు చూసుకున్నాడు. "వాళ్ల నాయిన సచ్చిపోయి ఏడాది గాలే. ఆ దినం నీళ్ల కాడ ఆయనను తిట్టకూడని తిట్టు తిట్టిన. గదీ నిజమే. చెయ్యి విరిగినంక మోటరు స్టార్టర్ ఒత్త రాలేదు నాకు. పొద్దుగాల్నే వీడొచ్చి మోటరేసి పోతడు. నేను మాట్లాడ. వాడూ మాట్లాడడు. ఏసి పోతడు, గంతే."

"నిజమేనా?" అని డ్రైవరన్నను అడిగాను. "కోపమొచ్చింది మేడమ్, కొట్టిన. తప్పే" అన్నాడు. మోటరు సంగతి ఎత్తనే లేదు. మిర్చి కాక అతన్ని కాసేపు చూసి, "ఏంరా, గట్లనే నిలబడ్తవా? జర చేతులన్న కడుక్కపో" అన్నాడు. కేసు పడ్డాక ఆయన అతనితో ఆడిన మొదటి మాట అదేనట. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇద్దరూ చెప్పింది చెప్పినట్టు రాశాను, బర్రెను మాత్రం వదిలేశాను. జడ్జి గారు డ్రైవరన్నను మా పర్యవేక్షణలో ఇంటికి పంపారు. ఆఫీసుకు రమ్మన్నప్పుడల్లా అతను వచ్చాడు గాని, గడువు ముగిసేదాకా తలెత్తి నా ముఖం చూడలేదు పాపం. ఆ విచారణ రోజు తిరుగు దారిలో కూడా స్కూటీ బాపే నడిపాడు. రేగొండ దాటాక, "ఏమన్న గాని, పిలగాడు మంచోడే" అన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియక స్కూటీ వెనక కూర్చుని రెండూ చేశాను.

ఇప్పుడు మహబూబాబాద్‌లో పనిచేస్తున్నాను. పెద్దవంగర వైపు పోయినా, ఇంకెటు పోయినా, మొదటి ఇంటి దగ్గరే నేనెవరో చెబుతాను. జనం లేచి నిలబడి, కుర్చీ వేసి, ఆచితూచి జవాబులు చెబుతారు. అదే పద్ధతి. అయినా ఒక్కోసారి, వీళ్లు నన్ను కోర్టు మనిషి అనుకోకపోతే ఏం చెప్పేవాళ్లో అని ఆశ పుడుతుంది. వెంటనే నవ్వొస్తుంది. ఈ కళ్లద్దాలతో, ఈ నెరిసిన పాపిటతో ఇప్పుడు నన్ను చూసి పెళ్లికూతురని ఎవరనుకుంటారు? మహా అయితే సంబంధాలు కుదిర్చే ఆమె వచ్చిందనుకుని, తమ పిల్లకు ఎవరైనా ఉన్నారా అని నన్నే అడుగుతారు.